గుడ్డు దాచి తల్లిని వదిలేస్తే

ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో మా శ్రీకాకుళం జిల్లా పేజీలో ఒక ఫొటో తప్పకుండా వస్తుంది. బడిపిల్లలు, అటవీశాఖ సిబ్బంది, ఒకరిద్దరు పెద్దమనుషులు తెల్లవారుజామున ఇసుకలో వంగి కూర్చుని ఉంటారు. వాళ్ల ముందు అరచేతిలో ఇమిడే నల్లటి తాబేలు పిల్లలు సముద్రం వైపు పాకుతుంటాయి. జువాలజీ పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి నేనూ మా విద్యార్థులతో అలాంటి ఫొటోల్లో చాలాసార్లు ఉన్నాను. ఆ పిల్లలు మొదటి అలలో మాయమైనప్పుడు మా అమ్మాయిలు కొట్టే చప్పట్లంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ అవే నెలల్లో, అదే ఒడ్డుకు, మెడ వాచి, కళ్లు ఉబ్బి, పెద్ద తాబేళ్లు చచ్చి కొట్టుకొస్తుంటాయి. ఆ ఫొటో పేపర్లో ఎప్పుడో గాని కనిపించదు. ఈ రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూడాలన్నదే నా మాట.

మన తీరానికి వచ్చేది ఎక్కువగా ఆలివ్ రిడ్లే తాబేలు. డిప్ప రెండడుగుల పైచిలుకు పొడవు, బరువు నలభై కిలోల దాకా ఉంటుంది. మగది పుట్టినరోజు సముద్రంలోకి వెళ్లిందంటే మళ్లీ నేల తొక్కదు. ఆడది మాత్రం రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్లతో మూరెడు లోతు గొయ్యి తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఆ ఇసుకను దిమ్మిస చేసి వెళ్లిపోతుంది. ఇదంతా గంటలోపు పని. ఆ తర్వాత వెనక్కి చూడదు. పొదిగేది ఇసుక వేడే. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అవి మగవా ఆడవా అన్నదీ ఆ వేడే తేలుస్తుంది. ఇసుక ఇరవై తొమ్మిది, ముప్పై డిగ్రీలకు దిగువన ఉంటే ఎక్కువగా మగవి, అంతకు మించితే ఎక్కువగా ఆడవి పుడతాయి. ఇంకా బాగా కాలితే గుడ్లే చెడిపోతాయి.

గుడ్లను కుక్కలు, నక్కలు, పీతలు, మనుషులు తినేస్తున్నారని అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు వాటిని ఏరి కంచె వేసిన హేచరీలో పాతిపెడుతున్నాయి. ఇందులోనూ ఒక మెళకువ ఉంది. పెట్టిన కొద్ది గంటల్లోపే గుడ్డును కదపాలి. ఆ తర్వాత లోపలి పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది, అప్పుడు దొర్లిస్తే చచ్చిపోతుంది. అందుకే మా ఊళ్ల కుర్రాళ్లు జనవరి నుంచి రాత్రంతా టార్చిలైట్లు పట్టుకుని మైళ్లకు మైళ్లు నడుస్తారు. వాళ్ల కష్టం చిన్నది కాదు.

అలా వదిలిన పిల్లల్లో ఎన్ని బతుకుతాయి? వెయ్యికి ఒకటి పెద్దదవుతుందని అందరం చెప్పుకుంటాం. అది అంచనాయే, కానీ దారి అంత కష్టమైనదన్నది నిజం. బతికిన ఆ ఒక్కటి తల్లి కావడానికి ఎన్నాళ్లు పడుతుందో ఆలోచించే వాళ్లు తక్కువ. తాబేలు ముందుకాలి ఎముకను పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఎదిగిన ఏళ్లకు గుర్తుగా వలయాలు కనిపిస్తాయి. పసిఫిక్ సముద్రంలో చనిపోయిన ఆలివ్ రిడ్లేల ఎముకలను జార్జ్ జుగ్, ఆయన సహచరులు అలా చదివి 2006లో లెక్క చెప్పారు. అవి ఈడుకొచ్చేది ఇంచుమించు 13వ ఏట, అటూ ఇటూగా పది నుంచి పద్దెనిమిది ఏళ్ల మధ్య. ఈ ఏడాది మా ఆరో తరగతి పిల్ల వదిలిన తాబేలు తిరిగి గుడ్లు పెట్టడానికి వచ్చేసరికి ఆ పిల్ల చదువు ముగించి ఉద్యోగంలో ఉంటుంది.

ఈ లెక్క తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. దాని బరువు నాకు తెలిసింది మాత్రం ఒక సరంగు అడిగిన ప్రశ్నతో. పిల్లలను వదిలే కార్యక్రమం అయ్యాక ఆయన నా దగ్గరకొచ్చి అన్నాడు: “గుడ్లు మీరు బాగానే దాస్తన్నారు మేడమ్. మరి తల్లుల్ని ఎవులు దాస్తారు? రొయ్యల వల లాగితే ఒక్కోపాలి రెండు మూడు తాంబేళ్లు పడతన్నాయి.” వాళ్ల తాతల నాడు వలలో తాబేలు పడితే పసుపు, బొట్టు పెట్టి వదిలేవారట. శ్రీకూర్మం మా జిల్లాలోనే ఉంది. కూర్మనాథుడిని కొలిచే మనిషి తన వలలో చచ్చిన తాబేలును చూసి సంతోషపడడు.

ఆయన అడిగిన ప్రశ్ననే నలభై ఏళ్ల కిందట అమెరికాలో శాస్త్రవేత్తలు అంకెల్లో వేసుకున్నారు. అక్కడి జార్జియా తీరంలో లిటిల్ కంబర్లాండ్ అనే దీవి ఉంది. 1964 నుంచి అక్కడ గుడ్లు పెట్టడానికొచ్చే లాగర్‌హెడ్ తాబేళ్లకు ట్యాగులు వేసి, ఏ తాబేలు ఏ ఏడు తిరిగొచ్చిందో రాసుకుంటూ వచ్చారు. నాట్ ఫ్రేజర్ ఆ పుస్తకాల నుంచి ఏ వయసులో ఎన్ని బతుకుతున్నాయో లెక్కగట్టాడు. డెబొరా క్రౌస్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ అనే ముగ్గురు ఆ అంకెలు తీసుకుని తాబేలు జీవితాన్ని ఏడు దశలుగా విడగొట్టారు. గుడ్డు, పసిపిల్ల మొదటి దశ. తర్వాత చిన్నపిల్ల, ఎదిగిన పిల్ల, ఈడుకు దగ్గరైనది, 22వ ఏట తొలిసారి గుడ్లు పెట్టేది, ఆ మరుసటి ఏటిది, ఆపైన పెద్ద తల్లులు. ఒక్కో దశలో బతికేవాటి పాళ్లను మారుస్తూ మొత్తం సంఖ్య ఏమవుతుందో చూశారు. ఉన్న అంకెల ప్రకారం జనాభా ఏటా సుమారు 5 శాతం తరిగిపోతోంది. ఒక్క గుడ్డు కూడా పాడవకుండా, ఒక్క పసిపిల్ల కూడా చావకుండా నూటికి నూరూ కాపాడామనుకుని లెక్క వేసినా ఆ తరుగుదల ఆగలేదు. ఎదిగిన పిల్లల దశలో చావులు కొద్దిగా తగ్గిస్తే మాత్రం గీత పైకి తిరిగింది. 1987లో ‘ఎకాలజీ’ పత్రికలో వచ్చిన ఈ వ్యాసాన్ని నేను ఏటా డిగ్రీ పిల్లలకు పాఠంగా చెబుతాను. సిలబస్‌లో లేకపోయినా సరే.

ఎదిగినదాని విలువ ఏమిటో మా జిల్లా వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. మొక్కలు మళ్లీ నాటుకున్నాం. కానీ కాపు మీదున్న చెట్టు ఒరిగిపోయిన ఇంట్లో, పక్కనే నాలుగు మొక్కలు నాటారు కదా అని ఎవరూ ఊరట పడలేదు. ఏళ్ల తరబడి ఎండకూ గాలికీ తట్టుకుని కాపుకొచ్చిన చెట్టు విలువ వేరు. ఎన్నో గండాలు దాటి పదమూడేళ్లు పెరిగి తల్లి అయిన తాబేలు విలువా అంతే.

పెద్ద తాబేళ్లు ఎక్కడ చస్తున్నాయన్నది తర్వాతి ప్రశ్న. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1990లో ఇచ్చిన నివేదిక అక్కడ మనుషుల వల్ల జరిగే సముద్ర తాబేళ్ల చావుల్లో అన్నిటికన్నా పెద్ద కారణం రొయ్యల ట్రాలింగేనని తేల్చింది. తాబేలు చేప కాదు, పైకి వచ్చి గాలి పీల్చాలి. కదలకుండా విశ్రాంతిగా ఉంటే చాలాసేపు నీటి అడుగున ఉండగలదు. వలలో చిక్కి గింజుకుంటే ఊపిరి త్వరగా అయిపోతుంది. ట్రాల్ వలను గంటల తరబడి అడుగున ఈడుస్తారు. అందుకే మా ఒడ్డుకు కొట్టుకొచ్చే వాటిలో చాలావాటికి పైకి ఒక్క గాయం కూడా ఉండదు.

దీనికి మందు కనిపెట్టినవాడు శాస్త్రవేత్త కాదు. జార్జియాలోని డేరియన్ రేవుకు చెందిన సింకీ బూన్ రొయ్యలు పట్టే మత్స్యకారుడు. వల నిండా జెల్లీఫిష్ పడి రొయ్య నలిగిపోతుంటే, వాటిని బయటికి నెట్టేయడానికి వల మధ్యలో ఏటవాలుగా ఒక ఇనుప జల్లెడ బిగించాడు. రొయ్యలు కమ్మీల సందుల్లోంచి వెనక సంచిలోకి పోతాయి. పెద్దవి కమ్మీలకు తగిలి, జారి, వలకు ఉన్న కిటికీలోంచి బయటపడతాయి. జెల్లీఫిష్‌తో పాటు తాబేళ్లూ బయటపడ్డాయి. ఆ జల్లెడకే తర్వాత మెరుగులు దిద్ది టెడ్ అని పేరు పెట్టారు. అమెరికా నిబంధన ప్రకారం కమ్మీల మధ్య సందు నాలుగు అంగుళాలు మించకూడదు, వలలోకి వచ్చిన తాబేళ్లలో నూటికి తొంభై ఏడు తప్పించుకోవాలి.

అమెరికాకు ఆనుకుని ఉన్న మెక్సికోలో కెంప్స్ రిడ్లే అనే తాబేలు ఉంది. మన ఆలివ్ రిడ్లేకు తోబుట్టువు లాంటి జాతి. 1947లో రాంచో న్యూవో తీరంలో ఒక ఇంజనీరు తీసిన సినిమా రీలులో ఒక్క రోజే వేలకు వేల తల్లులు కనిపిస్తాయి. నలభై వేలని తర్వాత అంచనా కట్టారు. 1966 నుంచి ఆ తీరంలో సాయుధ కాపలా పెట్టి గుడ్లను కాపాడారు. అయినా 1985 నాటికి ఏడాది మొత్తం మీద కనిపించిన గూళ్లు 702. గుడ్లకు కాపలా ఉండగానే అంత పడిపోయింది. వలలకు టెడ్‌లు వచ్చాక, ఒడ్డున కాపలా కూడా కొనసాగాక, సంఖ్య మెల్లగా లేచి 2009లో గూళ్లు 20 వేలు దాటాయి. ఆ తర్వాత మళ్లీ ఒడిదుడుకులు వచ్చాయి, కథ ఇంకా ముగియలేదు. కానీ ఒడ్డు, నీరు రెండూ కాపాడాకే అది లేచిందన్న సంగతి మనకు పనికొస్తుంది.

అలాగని గుడ్లను వదిలేయమని ఎవరైనా అంటే నేను గట్టిగా అడ్డుపడతాను. మలేసియాలోని తెరెంగాను తీరం చూడండి. అక్కడ 1950ల్లో ఏటా పది వేల దాకా లెదర్‌బ్యాక్ తాబేళ్ల గూళ్లు ఉండేవి. ఆ గుడ్లను దాదాపు అన్నిటినీ ఏరి అమ్ముకున్నారు. ఆ సంగతి వెంటనే బయటపడలేదు, ఎందుకంటే ముందే పుట్టి పెరిగిన తల్లులు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. వాటి తర్వాతి తరం లేదని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఇప్పుడు అక్కడ లెదర్‌బ్యాక్ దాదాపు కనిపించదు. మధ్యలో పెట్టిన హేచరీల్లోనూ ఇసుక వేడెక్కి అన్నీ ఆడపిల్లలే పుట్టాయని తర్వాత తేలింది. మా హేచరీకి తాటాకు నీడ ఎందుకు వేయాలో, థర్మామీటరు ఎందుకు పాతాలో అడిగే వాళ్లకు నేను తెరెంగాను కథే చెబుతాను.

అందుకే ఒడిశా నుంచి వచ్చే పెద్ద అంకెలు చూసినప్పుడు ఆనందంతో పాటు కొంచెం నిదానమూ కావాలి. మా పొరుగునే, గంజాం జిల్లాలోని రుషికుల్య నది మొగ దగ్గర తాబేళ్లు సామూహికంగా గుడ్లు పెడతాయని 1994లోనే ప్రపంచానికి తెలిసింది. 2025లో అక్కడ దాదాపు 7 లక్షల తాబేళ్లు వచ్చాయని లెక్క. అవన్నీ పదేళ్లకు ముందు పుట్టినవి. ఈ పదేళ్లలో వలల్లో పోయిన తల్లులకు పుట్టాల్సిన పిల్లల లోటు ఆ అంకెలో ఇంకా కనిపించదు. అదే 2025 జనవరిలో చెన్నై చుట్టుపక్కల తీరంలోనే వెయ్యికి పైగా తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి. తమిళనాడు, ఆంధ్ర, ఒడిశా ఒడ్డుల వెంట ఈదే తాబేళ్లకు సరిహద్దులు లేవు. ఒడిశాలో ట్యాగు వేసినవి శ్రీలంక దగ్గర దొరికాయి. 2021లో గహిర్మఠలో ట్యాగు వేసిన ఒకటి 2025లో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెట్టింది.

మన చట్టం వేటకు విరామం ఇచ్చే రోజులను ఈ జీవితంతో పోల్చి చూడండి. తూర్పు తీరంలో మరబోట్ల వేట ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు ఆగుతుంది. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టిన గడువు అది, ఆ పనికి మంచిదే. తాబేళ్లు మాత్రం నవంబరు నుంచే మన తీరానికి చేరి జతకడతాయి, ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెడతాయి. విరామం మొదలయ్యేసరికి వాటి పని చాలావరకు అయిపోతుంది. ఒడిశాలో ధామ్రా, దేవి, రుషికుల్య మొగల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 వరకు ఇరవై కిలోమీటర్ల లోపు వేట ఆపుతారు. మన రాష్ట్రంలో ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు రాకూడదని నియమం ఉంది. తల్లి తాబేళ్లు గుడ్ల మధ్య విరామంలో ఉండేది ఆ దగ్గరి నీళ్లలోనే. ఆ ఒక్క నియమం డిసెంబరు నుంచి మార్చి దాకా కచ్చితంగా అమలైతే చాలా తల్లులు బతుకుతాయని నా నమ్మకం. తెప్పల మీద, ఫైబర్ బోట్ల మీద వేటాడే చిన్న మత్స్యకారులకూ అది మేలే.

టెడ్ విషయంలో మనకు పాత గాయం ఒకటుంది. టెడ్ వాడని దేశాల రొయ్యను కొనబోమని అమెరికా 1989లో చట్టం చేసింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో దావా వేశాయి. 1998లో తీర్పొచ్చింది. బెదిరింపుగా వచ్చిన వస్తువు కావడంతో రేవుల్లో టెడ్ మీద ప్రేమ పుట్టలేదు. 2019 నుంచి మన సముద్రపు రొయ్యను అమెరికా కొనడం లేదు. భీమవరం చెరువుల రొయ్యకు ఆ నిషేధం వర్తించదు కాబట్టి నొప్పి రేవుకే పరిమితమైంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు టెడ్ తయారు చేసింది. కిటికీలోంచి రొయ్య పోతుందని, చెత్త అడ్డుపడితే ఇంకా పోతుందని మావాళ్ల భయం. ఆ భయాన్ని తీసిపారేయకూడదు, ఒక్కో రోజు డీజిలు ఖర్చే గిట్టదు వాళ్లకు.

ఇదే చూపుతో మిగతా జీవాలనూ చూస్తే ఒక్కోదానికి ఒక్కో జవాబు వస్తుంది. బోదురు కప్ప తొలకరి వానకు నీటి గుంటల్లో ఒక్కసారిగా వేల గుడ్లు పెడుతుంది, తోకకప్పల్లో ఎక్కువ భాగం చేపలకు, పురుగులకు ఆహారమవుతాయి. ఆ నష్టాన్ని తట్టుకునేలాగే దాని బతుకు ఉంటుంది. కానీ జతకట్టడానికి అరిచే ఆ కొద్ది రాత్రుల్లోనే లాంతర్లు పట్టుకుని పెద్ద కప్పలను బస్తాల్లో నింపి కాళ్లు ఎగుమతి చేశాం. 1987లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతి ఆపింది. ఇప్పుడు కప్పకు కావలసింది వానాకాలపు గుంట, దాని చుట్టూ మిగతా ఏడాదంతా తలదాచుకునే నేల. ఈ రెండోది మనం తరచూ మర్చిపోతాం. ఇక రాయలసీమ పొదల్లోని నక్షత్ర తాబేలు మెల్లగా పెరుగుతుంది, ఒక్కసారికి వేళ్లమీద లెక్కపెట్టేన్ని గుడ్లే పెడుతుంది. ఇళ్లలో పెంచుకోవడానికి దాన్ని దొంగచాటుగా తరలిస్తారు. 2019లో దాని అంతర్జాతీయ వాణిజ్యాన్ని పూర్తిగా నిషేధించారు. అడవిలోంచి ఒక పెద్ద ఆడదాన్ని ఎత్తుకుపోతే ఆ లోటు పూడటానికి ఏళ్లు పడుతుంది. ఇంట్లో పెంచుకుంటున్న వాళ్లు అది ప్రేమేననుకుంటారు. దయచేసి అటవీశాఖకు అప్పగించండి.

మా కాలేజీ వాళ్లం ఇప్పుడు వేసవికి ముందు నెలల్లో అటవీశాఖ సిబ్బందితో కలిసి ఒడ్డు వెంట చనిపోయిన తాబేళ్లను కొలుస్తున్నాం. ఈ తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోని ప్రాణి కాబట్టి కళేబరాన్ని ముట్టుకోవాలన్నా వాళ్లు పక్కన ఉండాలి. టేపుతో డిప్ప పొడవు, తోకను బట్టి మగదా ఆడదా, కుళ్లిన తీరు, దొరికిన చోటు రాస్తాం. మగదానికి తోక డిప్ప దాటి పొడుగ్గా ఉంటుంది. రెండోసారి లెక్కకు రాకుండా డిప్ప మీద రంగు పూస్తాం. ముక్కు మూసుకుని చేసే పని, అయినా మా అమ్మాయిలు వెనకాడరు. కొట్టుకొచ్చిన వాటిలో అధికభాగం పెద్దవే. కడుపులో గుడ్లున్న తల్లులు కూడా.

ఆ లెక్కలు రాసిన పుస్తకం పట్టుకుని మళ్లీ ఆ సరంగు దగ్గరికే వెళ్లాను. ముందుగా ఆయనకు తెలియని సంగతి ఒకటి చెప్పగలిగాను. వలలో కదలకుండా పడున్న తాబేలు అన్నిసార్లూ చచ్చినట్టు కాదు. అలాగే నీళ్లలోకి విసిరేస్తే మునిగి చస్తుంది. బోటు మీదే నీడలో బోర్లా ఉంచి, వెనక భాగం జానెడు ఎత్తు పెట్టి, తడిగుడ్డ కప్పి, అవసరమైతే ఒక పగలూ రాత్రీ ఆగితే చాలావాటికి ఊపిరి తిరిగొస్తుంది. కదిలాక ఇంజను ఆపి మెల్లగా వదలాలి. ఆయన శ్రద్ధగా విన్నాడు. తర్వాత తన మాట చెప్పాడు.

“జల్లెడ ఉత్తినే ఇచ్చేసి పోతే పనవదు మేడమ్. మా బోటెక్కండి. మా వలకే కట్టండి. నెల్లాళ్లు లాగి సూద్దాం. రొయ్య ఎంత పోయిందో మీరు రాయండి, మేమూ రాత్తాం. రెండు పుస్తకాలూ కలిత్తే అప్పుడు మాటాడదాం.”

ఇంతకన్నా మంచి పరిశోధన పథకం నేను ఏ విశ్వవిద్యాలయంలోనూ వినలేదు. ఆ పుస్తకానికి గడులు ఇద్దరం కూర్చుని గీశాం. వల వేసిన సమయం, తీసిన సమయం, ఒడ్డు నుంచి దూరం, లోతు, రొయ్య కిలోలు, చేప కిలోలు, డీజిలు, జల్లెడలో చిక్కిన చెత్త, తాబేలు పడిందా, పడితే బతికుందా, డిప్ప పొడవు ఎంత. ఆఖరి గడి ఆయనే కలిపించాడు: ఒదిలినప్పుడు ఈదిందా లేదా.